టెక్సస్‌లో హైస్కూల్ డిప్లొమా: తొమ్మిదో తరగతి నుంచి స్టేజీ ఎక్కేదాకా తల్లిదండ్రులు చేయాల్సిన పనులు

మా పెద్దమ్మాయి పన్నెండో తరగతిలో ఉండగా, జనవరిలో ఒక సాయంత్రం స్కూల్ నుంచి ఈమెయిల్ వచ్చింది. అర క్రెడిట్ తక్కువగా ఉంది, ఇలాగే ఉంటే మే నెలలో గ్రాడ్యుయేట్ కాదు అని. అప్పటికి పిల్ల క్యాల్క్యులస్ బీసీ అనే కాలేజీ స్థాయి లెక్కల కోర్సు చదువుతోంది. రెండు కాలేజీల నుంచి అడ్మిషన్ కూడా వచ్చేసింది. తీరా చూస్తే తక్కువైంది హెల్త్ అనే చిన్న కోర్సు. పదో తరగతి తర్వాత మేము ఊరు మారాం. పాత స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (అంటే ఆ ప్రాంతం ప్రభుత్వ స్కూళ్ళను నడిపే సంస్థలో) ఆ కోర్సు తప్పనిసరి కాదు, కొత్త డిస్ట్రిక్ట్‌లో తప్పనిసరి. ఏడాదిన్నర పాటు ఆ సంగతి ఎవరి కంటా పడలేదు. ఆన్‌లైన్‌లో ఆరు వారాలు కూర్చుని పూర్తి చేసింది కాబట్టి సరిపోయింది. ఆ ఆరు వారాలు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

ఆ టెన్షన్ మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా టెక్సస్ పబ్లిక్ స్కూళ్ళ గురించి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు తెలిసిన పద్ధతీ ఇదే. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క కాబట్టి వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళు అంకెలను యథాతథంగా తీసుకోకండి. పని చేసుకునే క్రమం మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

ముందు లెక్క అర్థం చేసుకోండి

మనం పదో తరగతి, ఇంటర్ చదివిన పద్ధతి వేరు. ఏడాదంతా ఎలా చదివినా మార్చిలో బోర్డు పరీక్ష రాసి గట్టెక్కితే మెమో చేతికొస్తుంది. ఇక్కడ ఆఖర్న ఒక పెద్ద పరీక్ష అంటూ ఉండదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళలో ఒక్కో కోర్సూ పాసవుతూ క్రెడిట్లు పోగు చేసుకోవాలి. ఏడాది కోర్సుకు ఒక క్రెడిట్, ఒక్క సెమిస్టర్ కోర్సుకు అర క్రెడిట్. పాస్ మార్కు వందకు 70. మన 35 గుర్తు పెట్టుకుని "65 వచ్చిందిగా, ఫర్వాలేదులే" అనుకుంటే అక్కడే దెబ్బ తింటాం.

డిప్లొమాకు కనీసం కావాల్సినవి 22 క్రెడిట్లు. ఇంగ్లిష్ నాలుగు, లెక్కలు మూడు, సైన్స్ మూడు, సోషల్ మూడు, ఇంగ్లిష్ కాని మరో భాష రెండు, వ్యాయామం ఒకటి, ఫైన్ ఆర్ట్స్ ఒకటి, మిగతా ఐదు పిల్లలు ఎంచుకునేవి. దీన్ని ఫౌండేషన్ ప్రోగ్రామ్ అంటారు. కానీ మీ దృష్టిలో ఉండాల్సిన అంకె 22 కాదు, 26. తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడే ప్రతి విద్యార్థీ ఒక ఎండార్స్‌మెంట్, అంటే ఎక్కువ కోర్సులు చదివే ఒక రంగం, ఎంచుకోవాలి. దానితో కలిపి చదివితే లెక్కలు నాలుగు, సైన్స్ నాలుగు, ఎంచుకునేవి ఏడు అయి మొత్తం 26 అవుతుంది. ఎండార్స్‌మెంట్ లేకుండా 22తో బయటపడాలంటే పదో తరగతి పూర్తయ్యాక, కౌన్సెలర్‌తో (పిల్లల కోర్సులు, క్రెడిట్లు చూసే స్కూల్ ఉద్యోగి) మాట్లాడి, తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. ఎవరైనా ఆ కాగితం తెచ్చి సంతకం అడిగితే తొందరపడకండి. ఎందుకో కింద చెబుతాను.

ఎండార్స్‌మెంట్లు ఐదు: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, పబ్లిక్ సర్వీసెస్, మల్టీడిసిప్లినరీ. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ అన్నట్టు ఇది జీవితాన్ని ఒక గాటన కట్టేసేదేమీ కాదు. మధ్యలో మార్చుకోవచ్చు. స్టెమ్ తీసుకున్నవాళ్ళకు ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ తప్పవు.

ఇక సంతకం సంగతి. ఆల్జీబ్రా 2తో సహా నాలుగు లెక్కల క్రెడిట్లు, నాలుగు సైన్స్ క్రెడిట్లు, ఒక ఎండార్స్‌మెంట్ పూర్తి చేసినవాళ్ళకు డిప్లొమా మీద డిస్టింగ్విష్డ్ లెవల్ అనే హోదా వస్తుంది. క్లాసులో మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకు టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు ఇచ్చే చట్టం ఒకటి 1997 నుంచి ఉంది. ఆ సీటు కావాలంటే ఈ హోదా ఉండాలి. ఆస్టిన్‌లోని యూటీకి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం పది శాతం సరిపోదు. 2026 ఫాల్ ప్రవేశాల నుంచి అది మొదటి ఐదు శాతానికి దిగింది. ర్యాంక్ మంచిదే ఉండి, ఆల్జీబ్రా 2 వదిలేసినందుకు ఈ దారి మూసుకుపోతే ఎంత బాధ! అందుకే సంతకం దగ్గర ఆగమంటున్నాను.

ఎనిమిదో తరగతి జనవరి, ఫిబ్రవరుల్లో కూర్చోండి

హైస్కూల్ కోర్సుల ఎంపిక తొమ్మిదిలో కాదు, ఎనిమిదిలోనే మొదలవుతుంది. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా 1 చదివిన పిల్లలకు అది హైస్కూల్ క్రెడిట్ కింద లెక్కకొస్తుంది. "మిడిల్ స్కూల్ మార్కులే కదా" అని వదిలేయకండి, ఆ కోర్సు మార్కు హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే నాలుగేళ్ళ కోర్సులు, మార్కులు, క్రెడిట్ల పట్టికలో, కనబడుతుంది. జీపీఏలో (మొత్తం మార్కుల సగటు) కలుపుతారా లేదా అన్నది డిస్ట్రిక్ట్‌ను బట్టి ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

నాలుగేళ్ళకూ కలిపి ఒక ప్లాన్ రాయిస్తారు. దాన్ని చాలామంది పిల్లలు క్లాసులో పది నిమిషాల్లో నింపేసి వచ్చేస్తారు. మీరు ఇంటికి తెప్పించుకుని, ఒక ఆదివారం పొద్దున కాఫీ పెట్టుకుని పిల్లలతో కలిసి చూడండి. పక్కన డిస్ట్రిక్ట్ వాళ్ళ కోర్స్ క్యాటలాగ్ తెరిచి పెట్టుకోండి. రాష్ట్రం అడిగేవి వేరు, డిస్ట్రిక్ట్ తనంతట తాను కలిపేవి వేరు. హెల్త్ అర క్రెడిట్, ఏదో ఒక టెక్నాలజీ కోర్సు లాంటివి ఈ రెండో రకం. మా అమ్మాయికి తగ్గిందీ అదే. స్పీచ్ కూడా చూసుకోండి. నలుగురి ముందు మాట్లాడగలనని పిల్లలు నిరూపించుకోవాలన్నది రాష్ట్రం నిబంధన. చాలా స్కూళ్ళు దాన్ని ప్రొఫెషనల్ కమ్యూనికేషన్స్ అనే అర క్రెడిట్ కోర్సుతో పూర్తి చేయిస్తాయి.

సోషల్‌లో ఏవి తప్పనిసరో కూడా గుర్తుంచుకోండి. అమెరికా చరిత్ర ఒకటి, గవర్నమెంట్ అర, ఎకనామిక్స్ అర, ప్రపంచ చరిత్ర లేదా ప్రపంచ భూగోళం ఒకటి. గవర్నమెంట్, ఎకనామిక్స్ సాధారణంగా పన్నెండులో పడతాయి. ఆ ఏడాది ఎవరికైనా ఒక సెమిస్టర్ తప్పితే తిరిగి రాయడానికి సమయం తక్కువ కాబట్టి వీటిని తేలిగ్గా తీసుకోకూడదు.

భాష దగ్గర మనవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఒకే భాషలో రెండు క్రెడిట్లు కావాలి. పిల్లలు ఎక్కువగా స్పానిష్ తీసుకుంటారు. తెలుగు బాగా వచ్చిన పిల్లలు పరీక్ష రాసి తెలుగులోనే ఆ క్రెడిట్ సంపాదించుకోవడానికి ఒప్పుకునే డిస్ట్రిక్ట్‌లూ ఉన్నాయి. మనబడి లాంటి వారాంతపు తరగతుల్లో ఏళ్ళ తరబడి అక్షరాలు దిద్దిన పిల్లలకు అది నిజంగా చేతికందే ఫలం. కానీ ముందు అనుమతి, తర్వాత పరీక్ష. ఏ పరీక్ష ఒప్పుకుంటారు, ఎంత స్కోరు రావాలి, ఎన్ని క్రెడిట్లు ఇస్తారు అన్నవి కౌన్సెలర్ దగ్గర ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి. నోటిమాట మీద నడవకండి.

వ్యాయామం క్రెడిట్‌కు స్కూల్ టీమ్‌లో ఆడటం, మార్చింగ్ బ్యాండ్ లాంటివి చాలాచోట్ల సరిపోతాయి. బయట వారానికి చాలా గంటలు కూచిపూడి సాధన చేస్తున్న అమ్మాయి ఉంటే, క్యాంపస్ బయట నేర్చుకునేదానికి క్రెడిట్ ఇచ్చే పద్ధతి మీ డిస్ట్రిక్ట్‌లో ఉందా అని అడిగి చూడండి. అడగడంలో పోయేదేమీ లేదు.

స్టార్ పరీక్షలు ఐదు

క్రెడిట్లతో పాటు ఐదు కోర్సులకు రాష్ట్రం పెట్టే పరీక్షలు పాసవ్వాలి: ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, ఆల్జీబ్రా 1, బయాలజీ, అమెరికా చరిత్ర. వీటిని స్టార్ ఈఓసీ (ఎండ్ ఆఫ్ కోర్స్) అంటారు. కోర్సు చదివిన ఏడాదే వసంతంలో రాస్తారు. ఫలితం కాగితంలో 'అప్రోచెస్' అని ఉంటే పాసైనట్టే. 'మీట్స్', 'మాస్టర్స్' ఇంకా పై మెట్లు. 'అప్రోచెస్' అంటే "దగ్గరికి వచ్చాడు, ఇంకా చేరలేదు" అని కంగారుపడిన తల్లిదండ్రులు నాకు తెలుసు. డిప్లొమాకు అది చాలు.

తప్పితే జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి మళ్ళీ రాయొచ్చు. కోర్సు పాసై పరీక్ష తప్పితే క్రెడిట్ పోదు, పరీక్ష ఒక్కటే మళ్ళీ రాస్తే చాలు. శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష), ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సుల పరీక్ష) లాంటి కొన్ని పరీక్షల స్కోర్లను వీటికి బదులుగా ఒప్పుకునే ఏర్పాటూ ఉంది. పన్నెండుకు వచ్చేసరికి ఐదింట్లో ఒకటో రెండో మిగిలిపోతే స్కూల్లో ఒక గ్రాడ్యుయేషన్ కమిటీ వేస్తారు. ప్రిన్సిపల్, ఆ సబ్జెక్టు టీచర్, తల్లిదండ్రులు అందులో కూర్చుంటారు. పిల్లవాడు ఒక ప్రాజెక్టో, చేసిన పనుల ఫైలో చూపిస్తే దాన్ని బట్టి నిర్ణయిస్తారు. అయితే మూడు అంతకంటే ఎక్కువ మిగిలితే కమిటీ దారి కూడా ఉండదు. కాబట్టి పదకొండో తరగతి అయ్యేసరికి ఐదూ తేల్చేసుకునేట్టు చూడండి.

ఇండియా నుంచి మధ్యలో వచ్చిన పిల్లలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తొమ్మిది, పది చదివి ఇక్కడ చేరే పిల్లలకు ఈ భాగం అన్నిటికంటే ముఖ్యం. అక్కడ చదివిన తొమ్మిది, పది తరగతులు ఇక్కడ హైస్కూల్లో భాగమే కాబట్టి వాటికి క్రెడిట్లు వస్తాయి. ఎన్ని వస్తాయన్నది కాగితాలను బట్టి డిస్ట్రిక్ట్ నిర్ణయిస్తుంది.

విమానం ఎక్కేముందే స్కూల్‌కు వెళ్ళి తెచ్చుకోండి: తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్ట్, పదో తరగతి మెమో, టీసీ, టీకాల రికార్డు. వీటితో పాటు హెడ్మాస్టర్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయించుకోండి. ఏ తరగతిలో ఏ సబ్జెక్టు చదివాడు, వారానికి ఎన్ని పీరియడ్లు, లెక్కల్లో ఆల్జీబ్రా, జ్యామితి ఎంత చెప్పారు, సైన్స్‌లో జీవశాస్త్రం, భౌతిక రసాయన శాస్త్రాలు విడివిడిగా చెప్పారా అన్నవి అందులో ఉండాలి. ఎందుకంటే మెమోలో 'సైన్స్' అని ఒక్క ముక్క ఉంటే, అది బయాలజీ కింద వేయాలో ఇంకో దాని కింద వేయాలో ఇక్కడి కౌన్సెలర్‌కు తెలియదు. టెక్సస్ స్కూల్లో చేరకముందే ఒక కోర్సు పూర్తి చేసి, ఆ క్రెడిట్‌ను ఇక్కడి డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే, ఆ కోర్సు స్టార్ పరీక్ష రాయనక్కర్లేదు. ఒక పేజీ ఉత్తరం వల్ల పిల్లవాడికి బయాలజీ మళ్ళీ చదివే పని, పరీక్ష రాసే పని రెండూ తప్పే వీలుంది. అక్కడ చదివిన తెలుగు, హిందీలను భాషా క్రెడిట్లుగా వేయమని కూడా అడగండి. కౌన్సెలర్ తనంతట తాను గుర్తు పెట్టుకుని వేస్తారని అనుకోవద్దు.

వచ్చిన మొదటి నెలలోనే ఈ క్రెడిట్లన్నీ ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి ఎక్కాయో లేదో చూసుకోండి. 'తర్వాత ఎక్కిస్తాం' అన్న మాట ఆర్నెల్లకు అందరూ మర్చిపోతారు.

సెలవులు, ఇండియా ప్రయాణాలు

మార్కులు 90 వచ్చినా హాజరు తక్కువైతే క్రెడిట్ ఆగిపోతుంది. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు ఉండాలన్నది టెక్సస్ చట్టం. సెమిస్టర్‌కు దాదాపు ఎనిమిదీ తొమ్మిది రోజులకు మించి మానితే అక్కడికి దగ్గరపడుతున్నట్టే. 75కీ 90కీ మధ్య ఉంటే ప్రిన్సిపల్ చెప్పిన అదనపు పని చేసి క్రెడిట్ తెచ్చుకోవచ్చు. ఇంకా కిందికి పోతే హాజరు కమిటీ ముందుకు వెళ్ళాలి.

మన ఇళ్ళల్లో ఇది ఎక్కడ తగులుతుందంటే డిసెంబర్ ప్రయాణాల్లో. స్కూల్ జనవరి మొదటి వారంలో తెరుస్తారు. "ఇంత దూరం వచ్చి సంక్రాంతి చూడకుండా ఎలా పోతారురా" అని అమ్మమ్మ అంటుంది. నిజమే, ఆ మాటకు కాదనడం కష్టం. కానీ సంక్రాంతి అయ్యాక బయల్దేరితే కొత్త సెమిస్టర్‌లో ఎనిమిది, తొమ్మిది రోజులు మొదట్లోనే పోతాయి. తర్వాత ఫిబ్రవరిలో జ్వరం వస్తే చేతిలో రోజులుండవు. తొమ్మిది, పదిలో ఒకసారి వెళ్ళి రండి. పదకొండు, పన్నెండులో వద్దు. మత సంబంధమైన పండగ రోజున మానితే అది అనుమతి ఉన్న సెలవు కింద వస్తుంది. దీపావళికి ఇంటి దగ్గర ఉంచాలనుకుంటే ముందే ఉత్తరం రాసి పంపండి, ఏమీ రాయకుండా మాన్పించకండి.

సెమిస్టర్‌కు ఒకసారి ట్రాన్‌స్క్రిప్ట్ చదవండి

ఇన్ని చెప్పాను గానీ, మీరు ఒక్కటే పని చేయగలిగితే ఇది చేయండి. జనవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి, ఏటా రెండుసార్లు. రిపోర్ట్ కార్డు కాదు, ట్రాన్‌స్క్రిప్ట్. రిపోర్ట్ కార్డు ఆ సెమిస్టర్ మార్కులు చెబుతుంది. డిప్లొమా లెక్క ఉండేది ట్రాన్‌స్క్రిప్ట్‌లో. కౌన్సెలర్‌ను అడిగితే అనధికారిక కాపీ ఇస్తారు, చాలాచోట్ల పేరెంట్ పోర్టల్‌లోనే ఉంటుంది.

ప్రింట్ తీయండి. తెర మీద చూస్తే కన్ను జారిపోతుంది. ఎడమ వైపు కోర్సు పేరు, పక్కన మొదటి సెమిస్టర్ మార్కు, రెండో సెమిస్టర్ మార్కు, కుడి చివర క్రెడిట్ ఉంటాయి. మార్కు వైపు చూడకండి, కుడి చివర గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రండి. ఏడాది కోర్సుకు 1.0 ఉండాలి. 0.5 ఉంటే ఒక సెమిస్టర్ పోయినట్టు. మార్కు ఉండి క్రెడిట్ దగ్గర సున్నా ఉంటే చాలాసార్లు అది హాజరు గొడవే. ఒక సెమిస్టర్ 66, ఇంకోటి 76 వస్తే, రెండింటి సగటు 70 దాటింది కాబట్టి చాలాచోట్ల పూర్తి క్రెడిట్ ఇస్తారు. అది ఎక్కిందో లేదో చూడండి. తర్వాత ఇంకో కాగితం మీద ఇంగ్లిష్ 4, లెక్కలు 4 అని వరసగా రాసుకుని, వచ్చినవాటిని పెన్సిల్‌తో కొట్టేస్తూ వెళ్ళండి. మా చిన్నమ్మాయి విషయంలో నాలుగేళ్ళూ ఇదే చేశాను. భోజనాల బల్ల మీద పావుగంట పని. "అమ్మా, నేను చూసుకుంటాలే" అనేది. "నువ్వే చూడమ్మా, పక్కన నేను కూర్చుంటా" అనేదాన్ని. పదకొండో తరగతికి వచ్చేసరికి తనే ప్రింట్ తీసి బల్ల మీద పెట్టింది.

ఏదైనా తేడా కనబడితే కౌన్సెలర్‌కు ఈమెయిల్ రాయండి. చిన్నగా, కోర్సు పేరు, సెమిస్టర్, మీ ప్రశ్న. ఒక్కో కౌన్సెలర్ కింద కొన్ని వందల మంది పిల్లలుంటారు కాబట్టి వారం ఆగి మళ్ళీ గుర్తు చేయడంలో మొహమాటం వద్దు. పోయిన క్రెడిట్‌ను వేసవి తరగతుల్లోనో, ఆన్‌లైన్ క్రెడిట్ రికవరీలోనో తెచ్చుకోవచ్చు. ఆ వేసవే చేయించండి, పోగు పడనివ్వకండి.

చిన్నగా కనబడి ఆపేసే షరతులు

సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) నేర్చుకోవడం, పోలీసులు ఆపినప్పుడు ఎలా నడుచుకోవాలన్న పాఠం చూడటం, ఈ రెండూ రాష్ట్రం అడుగుతుంది. స్కూల్లోనే అయిపోతాయి. ఆ రోజు మీ పిల్ల రాకపోతే మాత్రం మిగిలిపోతాయి, అడగండి.

మూడోది మనవాళ్ళను ఎక్కువగా తికమక పెట్టేది. 2021-22 నుంచి పన్నెండో తరగతి పిల్లలందరూ కాలేజీ ఆర్థిక సహాయం కోసం ఫాఫ్సా అనే దరఖాస్తో, రాష్ట్రం పెట్టిన టాస్ఫానో నింపాలి, లేదా మాకు వద్దు అని సంతకం పెట్టిన ఫారం ఇవ్వాలి. పౌరసత్వం, గ్రీన్ కార్డు ఉన్న పిల్లలు ఫాఫ్సా నింపుతారు. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు కేంద్రం ఇచ్చే ఆర్థిక సహాయానికి అర్హత ఉండదు. దాంతో "మనకు వర్తించదు" అని కొందరు ఏమీ ఇవ్వకుండా ఊరుకుంటారు. సహాయం వర్తించకపోయినా షరతు వర్తిస్తుంది. టాస్ఫా మీకు కుదురుతుందేమో కౌన్సెలర్‌ను అడగండి. కుదరకపోతే వద్దు అనే ఫారం మీద సంతకం పెట్టి ఇచ్చేయండి. ఒక్క పేజీ కాగితం అది.

పన్నెండో తరగతి: పేరు, గౌను, టికెట్లు

సెప్టెంబర్‌లోనే కౌన్సెలర్‌ను కలిసి గ్రాడ్యుయేషన్ లెక్క మొత్తం సరిచూయించండి. ఏమైనా మిగిలితే అప్పటికి రెండు సెమిస్టర్లు చేతిలో ఉంటాయి.

తర్వాత పేరు. డిప్లొమా మీద ఏ పేరు వేయాలో స్కూల్ ఒక ఫారంలో అడుగుతుంది. మన పేర్లతో వచ్చే చిక్కు మీకు తెలిసిందే. ఇంటిపేరు ముందా వెనకా, వెంకట సత్య సాయి అన్న మూడు ముక్కలూ మొదటి పేరులోనా మధ్య పేరులోనా, పాస్‌పోర్ట్‌లో ఒకలా స్కూల్లో ఇంకోలా. పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ముందు స్కూల్ రికార్డులో సరిచేయించండి. డిప్లొమా అచ్చయ్యాక మార్పించడం మళ్ళీ డబ్బు, మళ్ళీ నెలలు.

క్యాప్, గౌను తప్పనిసరి. ఉంగరం, ఆహ్వాన పత్రికలు, చట్రం కట్టిన ఫొటో, ఇవన్నీ కలిపి ప్యాకేజీగా అమ్ముతారు, అవసరం లేదు. కొనలేని పరిస్థితి ఉంటే కౌన్సెలర్‌కు చెప్పండి. గౌన్లు అరువిచ్చే స్కూళ్ళు ఉన్నాయి. సిగ్గుపడాల్సిన విషయం కాదు. గౌను మీద వేసుకునే స్టోల్స్, తాళ్ళు స్కూల్ ఒప్పుకున్నవే ఉండాలి. తాతగారు పంపిన పట్టు కండువా వేసుకోవాలని పిల్లకు కోరిక ఉంటే ఏప్రిల్‌లోనే అనుమతి అడగండి. ఆ రోజు గేటు దగ్గర తీసేయమంటే పిల్ల మనసు కష్టపడుతుంది.

లైబ్రరీ పుస్తకాలు, లాప్‌టాప్, ఛార్జర్, బ్యాండ్ యూనిఫాం, ఇవన్నీ తిరిగివ్వాలి, బాకీలు కట్టేయాలి. బాకీ ఉన్న పిల్లల టికెట్లు, కాగితాలు ఆపేసే స్కూళ్ళు ఉన్నాయి. రిహార్సల్‌కు తప్పకుండా పంపండి. అది మానితే వేదిక ఎక్కనివ్వని చోట్లు చాలా ఉన్నాయి. అన్నట్టు, డిప్లొమా వేరు, వేదిక వేరు. డిప్లొమా అర్హత రాష్ట్రం లెక్క, వేదిక మీదకు ఎవరిని రానివ్వాలన్నది డిస్ట్రిక్ట్ నియమం. పరీక్ష ఒకటి మిగిలిన పిల్లలను నడవనిచ్చే డిస్ట్రిక్ట్‌లూ ఉన్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి.

ఇంటికి ఇన్ని టికెట్లు అని లెక్క ఉంటుంది. అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ అందరూ వస్తారనుకుంటే ముందే తెలుసుకోండి. వాళ్ళకు విజిటర్ వీసా కావాలంటే ఏడాది ముందే మొదలుపెట్టాలి. వేడుక మే చివర్లో ఉంటుంది, అపాయింట్‌మెంట్ దొరకడానికే నెలలు పట్టొచ్చు. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళకు విడిగా కుర్చీలుంటాయి, ముందే రాసి అడగండి. టికెట్ దొరకనివాళ్ళకు, ఊళ్ళో ఉన్నవాళ్ళకు లైవ్ ప్రసారం లింకు పంపండి. ఇక్కడ సాయంత్రం ఏడైతే ఇండియాలో తెల్లవారి ఐదున్నర.

ఆ రోజు

గౌను ప్యాకెట్‌లోంచి ముడతలతో వస్తుంది. పాలియెస్టర్ కాబట్టి ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే కరిగిపోతుంది. ముందురోజు రాత్రి బాత్రూంలో తగిలించి వేడి నీళ్ళ ఆవిరి పట్టించండి, చాలు. క్యాప్ తల వెనక్కి వాలకూడదు, నేలకు సమాంతరంగా నుదుటి మీదకు ఉండాలి. పొడుగు జడ ఉన్న అమ్మాయిలకు కింద ముడి వేసి నాలుగు పిన్నులు పెట్టండి. టాసెల్ (క్యాప్‌కు వేలాడే కుచ్చు) ముందు కుడివైపు ఉంటుంది, డిప్లొమా అందుకున్నాక ఎడమకు మారుస్తారు. హాలు లోపలికి చాలాచోట్ల పారదర్శకమైన సంచులే తీసుకెళ్ళనిస్తారు, హ్యాండ్‌బ్యాగు కారులో పెట్టేయండి.

పేరు పిలిచే కార్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలు తమ పేరు ఎలా పలకాలో రాసి ఇచ్చే కార్డు ఒకటి ఉంటుంది. మా చిన్నమ్మాయి పేరు జాహ్నవి. పన్నెండేళ్ళుగా బడిలో జానవీ, జాన్వీ, జాహ్‌నేవీ అన్నీ విన్నది, సర్దుకుపోయింది. కార్డు మీద పేరును మూడు ముక్కలుగా విడగొట్టి, ఒత్తి పలికే ముక్కను పెద్ద అక్షరాల్లో రాశాం. రిహార్సల్ రోజు తనే వెళ్ళి చదివే మేడమ్ ముందు నిలబడి రెండుసార్లు పలికి వినిపించింది. ఆవిడ పెన్ను తీసి కార్డు మీద తన గుర్తు ఏదో పెట్టుకుందట. ఆ సాయంత్రం మైకులో "జాహ్నవి" అని సరిగ్గా వినబడింది. నా పక్కన కూర్చున్న మా అత్తగారు గభాల్న లేచి నిలబడ్డారు. మీ పిల్లల చేత ఈ పని తప్పకుండా చేయించండి.

మర్నాటి నుంచి

వేదిక మీద చేతికిచ్చేది చాలాసార్లు ఖాళీ అట్ట. అసలు డిప్లొమా తర్వాత స్కూల్లో తీసుకోవాలి, కొన్నిచోట్ల ఐడీ అడుగుతారు. తీసుకోగానే పేరు, తేదీ, ఎండార్స్‌మెంట్ చూసుకోండి. తప్పుంటే అక్కడే చెప్పండి.

కాలేజీకి ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ పంపమని జూన్ మొదట్లోనే అడగండి. అందులో గ్రాడ్యుయేట్ అయిన తేదీ ఉండాలి. అది అందకపోతే కాలేజీలో రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. చివరి సెమిస్టర్‌లో మార్కులు బాగా జారితే ఇచ్చిన సీటును వెనక్కి తీసుకునే కాలేజీలూ ఉన్నాయి కాబట్టి మే దాకా చదువు వదలనివ్వకండి. పిల్లలు ఇండియాలో పైచదువులకు వెళ్ళాలనుకుంటే భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నుంచి సమానత్వ సర్టిఫికెట్ అడుగుతారు. డిప్లొమా, ట్రాన్‌స్క్రిప్ట్‌లకు అపోస్టిల్ ముద్ర (వేరే దేశంలో చెల్లేలా కాగితం అసలుదని ధ్రువీకరించేది) కావాలంటే టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి.

సీల్ వేసిన ట్రాన్‌స్క్రిప్ట్‌లు రెండు అదనంగా తీసుకుని, కవర్ చింపకుండా ఫైల్లో పెట్టండి. వేసవిలో ఆఫీసు మూసి ఉంటుంది, ఊరు మారితే మళ్ళీ తెప్పించుకోవడం పెద్ద పని. మా ఇంట్లో ఇద్దరివీ పుట్టిన సర్టిఫికెట్ల పక్కనే ఉన్నాయి.